కొండమీద ఊపిరి

కోటబొమ్మాళి స్టేషనులో రైలెక్కి ఉత్తరదేశానికి ప్రయాణమయ్యే వారిలో రెండు తెగలవారు తరచుగా కనిపిస్తారు. ఒకరు సైన్యంలో ఉద్యోగం చేసే యువకులు. శ్రీకాకుళం జిల్లా పల్లెలలో కొడుకో అల్లుడో సైన్యంలో ఉన్న ఇల్లు వింత కాదు. రెండవవారు తీర్థయాత్రికులు. బ్రదుకులో ఒక్కసారైనా కేదారనాథుని దర్శించవలెనని కోరుకొని, అయిదారు ఇళ్లవారు కలిసి బయలుదేరే పెద్దలు. ఒకరిది విధి, ఒకరిది భక్తి. కాని హిమాలయాలలో ఇద్దరి కోసమూ పొంచి ఉన్న గండం ఒక్కటే. అది ఊపిరితిత్తులలో నీరు చేరుట.

ఈ నీటిని ఎట్లా కనిపెట్టవచ్చును, కనిపెట్టినప్పుడు ఏమి చేయవలెను అన్న రెండు విషయాలను ఈ ప్రసంగంలో మనవి చేస్తాను. కనిపెట్టడానికి ఈనాడు వైద్యుల చేతికి వచ్చిన సాధనం మన ఇళ్లలో అందరూ ఎరిగినదే. గర్భవతులకు చేసే స్కానింగు పరీక్షలో వాడే అతిధ్వని యంత్రమే అది.

ముందుగా ఎత్తు సంగతి చూద్దాము. వంశధార కాలువ నీటితో వరి పండే కోటబొమ్మాళి ప్రాంతం సముద్రమట్టానికి ఎంతో ఎత్తున లేని మైదానం. మనకు కనుచూపులో ఉన్న గొప్ప పర్వతం మహేంద్రగిరి. దాని శిఖరం సుమారు 1,500 మీటర్ల ఎత్తు. తూర్పు కనుమలలో ఎక్కడికి పోయినా 1,700 మీటర్లు దాటి ఎక్కలేము. నేను చెప్పబోయే వ్యాధి సాధారణంగా 2,500 మీటర్ల పైననే కనిపిస్తుంది. కనుక మన తాతముత్తాతలకు ఈ జబ్బు పేరు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. కాని కేదారనాథం 3,580 మీటర్ల ఎత్తున, అమరనాథ గుహ సుమారు 3,890 మీటర్ల ఎత్తున ఉన్నవి. లడఖ్‌లోని లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఢిల్లీలో విమానమెక్కినవాడు గంటన్నర తిరగకముందే అక్కడ దిగుతాడు. కాలినడకన పోయినవానికి దేహం సర్దుకొనడానికి వారాలు దొరికేవి. నేటి ప్రయాణికునికి గంటలే దొరుకుతున్నవి.

ఆ ఎత్తున గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు. అక్కడా నూటికి 21 పాళ్లే. తగ్గేది గాలి బరువు, అనగా వాయుభారం. సముద్రతీరంలో 760 మిల్లీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టే వాయుభారం లేహ్‌లో సుమారు మూడింట రెండు వంతులకు దిగిపోతుంది. ఒక్కొక్క శ్వాసతో లోనికి పోయే ప్రాణవాయువు కూడ ఆ మేరకు తగ్గుతుంది. దేహం ఆ లోటు పూడ్చుకొనడానికి వేగంగా శ్వాసిస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇంతవరకు అది సహజమే.

చిక్కు వచ్చేది ఊపిరితిత్తులలోని రక్తనాళాలతో. వాటికి ఒక గుణం ఉన్నది. ఊపిరితిత్తిలో ఏ భాగానికి ప్రాణవాయువు అందదో, ఆ భాగపు రక్తనాళాలు ముడుచుకొని రక్తాన్ని మంచి గాలి ఉన్న భాగాలకు మళ్లిస్తవి. మైదానంలో ఇది ఎంతో తెలివైన ఏర్పాటు. కాలువ క్రింది రైతు ఒక మడి నిండగానే దాని మడవ కట్టి నీటిని పై మడికి త్రిప్పడం వంటిదే ఇది. కాని కొండమీద ప్రాణవాయువు కొరత ఒక భాగానికి కాదు, ఊపిరితిత్తులన్నిటికీ ఏర్పడుతుంది. అన్ని మడవలూ ఒక్కసారి కట్టబోతే ఏమవుతుంది? కొన్ని గట్టిగా మూసుకుంటవి, కొన్ని మూసుకోవు. కాలువలోని నీరంతా ఆ మూసుకోని తూములమీద విరుచుకొనిపడి గట్టుకు గండి కొడుతుంది. అట్లే సన్నని రక్తనాళికల గోడలనుంచి నీరు ఊరి, మొదట ఊపిరితిత్తుల కణజాలంలోకి, తరువాత గాలి నిండవలసిన వాయుకోశాలలోకి చేరుతుంది. గుండెలో ఏ లోపమూ లేని ఆరోగ్యవంతుడు, చుట్టూ గాలి ఉండగానే, తనలోని నీటిలో మునిగిపోతాడు.

మన పల్లెలలో రొమ్ములో చేరిన చెమ్మనంతటినీ నెమ్ము అని ఒక్క మాటతో చెప్పుతారు. ఈ మాటే కొండమీద ఎందరినో మోసపుచ్చినది. పల్లెవాసులనే కాదు, వైద్యులను కూడ. 1891లో జాకోటే అనే యువ వైద్యుడు ఐరోపాలోని మోబ్లాఁ పర్వతంమీద సుమారు 4,350 మీటర్ల ఎత్తున ఉన్న బసలో జబ్బుపడినాడు. ఎత్తు దేహంమీద చేసే పనిని పరిశీలించవలెనన్న పట్టుదలతో క్రిందికి దిగడానికి నిరాకరించి అక్కడే మరణించినాడు. ఆ తరువాత కూడ చాలా ఏండ్లపాటు ఇటువంటి మరణాలకు న్యుమోనియా అనే పేరే పెట్టేవారు. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు వైద్యులు ఇది వేరు వ్యాధి అని గుర్తించినారు. 1960లో చార్లెస్ హ్యూస్టన్ అనే అమెరికన్ వైద్యుడు వ్రాసిన వ్యాసంతో అది ఇంగ్లీషు వైద్యలోకానికి తెలిసినది.

రెండేండ్లకే ఆ జ్ఞానం మన దేశానికి అత్యవసరమైనది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మైదానాలనుంచి వేలాది సైనికులను హుటాహుటిగా హిమాలయాలమీదికి తరలించవలసివచ్చినది. శత్రువు గుండు తగలకుండానే జవానులు ఆయాసంతో, నురుగుతో కూడిన దగ్గుతో పడిపోయినారు. ఇందర్ సింగ్, ఆయన సహచరులైన సైనిక వైద్యులు ఆ అనుభవాన్ని వృథా పోనీయలేదు. 1965లో ఇటువంటి 332 మంది రోగుల వృత్తాంతాన్ని, 1969లో పర్వతవ్యాధికి గురియైన 1,925 మంది సైనికుల వృత్తాంతాన్ని వారు ప్రకటించినారు. ఈ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో భారత సైనిక వైద్యులు ముఖ్యులని గర్వంగా చెప్పుకోవచ్చును.

వ్యాధిని గుర్తించినారు. కాని ఒక్కొక్క రోగిలో దానిని వేళకు కనిపెట్టడం ఎట్లా? ఎత్తుకు చేరిన రెండవ రోజునుంచి నాలుగవ రోజులోగా ఇది సాధారణంగా బయటపడుతుంది. మొదట పొడిదగ్గు, తోటివారితో నడవలేని అలసట. ఈ రెండూ కొండమీద ఎవరికి ఉండవు? తరువాత కూర్చున్నచోటనే ఆయాసం, పెదవులు గోళ్లు నీలం తిరగడం, చివరకు గులాబి రంగు నురుగు. స్టెతస్కోపులో చిటపట శబ్దం వినవచ్చును గాని, అది వినిపించేసరికి కాలం మించిపోవచ్చు. వినడానికి గాలి హోరు లేని నిశ్శబ్దం కూడ కావలెను. ఎక్స్‌రే పటం తీస్తే తెలుస్తుంది. అయితే ఎక్స్‌రే యంత్రాన్ని మంచుదారిలో గాడిదమీద ఎక్కించి కొనిపోలేము.

ఇక్కడనే ధ్వని సహాయానికి వచ్చినది. రొమ్మును ధ్వనితో పరీక్షించడం కొత్త కాదు. 1761లో వియన్నా నగర వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్ రొమ్మును వేళ్లతో తట్టి లోపల గాలి ఉన్నదో నీరున్నదో చెప్పవచ్చునని గ్రంథం వ్రాసినాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలను తట్టి సారాయి మట్టం తెలుసుకొనే పద్ధతి కుమారునికి ఈ ఊహ కలిగించినదని చెప్పుతారు. నూతివద్ద నిండు బిందెకు, వట్టి బిందెకు మ్రోతలో తేడా ఎరిగిన మన స్త్రీలకు ఈ విద్య అర్థం కావడం కష్టం కాదు.

అతిధ్వని యంత్రం ఇదే విద్యకు మరొక మెట్టు. మన చెవి సెకనుకు 20,000 కంపనాలకు మించిన శబ్దాన్ని వినలేదు. ఈ యంత్రం సెకనుకు లక్షలకొలది కంపనాలు గల ధ్వనిని దేహంలోకి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనులను తెరమీద బొమ్మగా చూపుతుంది. సముద్రంపై వేటకు పోయే మరపడవలలో నీటి లోతునూ చేపల గుంపునూ కనిపెట్టే యంత్రం పనిచేసే తీరు కూడ ఇదే. 1958లో గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు గర్భస్థ శిశువును, కడుపులోని గడ్డలను ఈ విధంగా చూపినది మొదలు ఇది వైద్యంలో స్థిరపడినది.

కాని ఊపిరితిత్తులకు ఇది పనికిరాదని వైద్యులు చాలాకాలం నమ్మినారు. కారణం గాలి. దేహంలోని మాంసంలోను, రక్తంలోను సాగిపోయే అతిధ్వని గాలి ఎదురుకాగానే దాదాపు అంతా వెనుకకు మళ్లిపోతుంది. ఊపిరితిత్తి నిండా గాలే కదా! అందుచేత యంత్రపు తెరమీద ఊపిరితిత్తి ఉపరితలం ఒక తెల్లని గీతగా కనిపిస్తుంది. దాని క్రింద అదే గీతకు ప్రతిబింబాలు, నిశ్చలమైన చెరువులో మెట్ల నీడలవలె, సమాన దూరాలలో అడ్డంగా పడతవి. లోపలి సంగతి ఏమీ తెలియదు.

ఈ అడ్డంకే ఉపకరణమైనది. ఊపిరితిత్తిలో నీరు చేరినప్పుడు గాలి ప్రక్కన నీరు, నీటి ప్రక్కన గాలి ఉంటుంది. ఆ సందులలో చిక్కిన ధ్వని మళ్లీమళ్లీ ప్రతిధ్వనించి, పై గీతనుంచి తెర అడుగువరకు చెదరకుండ దిగే నిలువు గీతలను కల్పిస్తుంది. పొగమంచులో లాంతరు కిరణాలవలె అవి కనిపిస్తవి. రోగి శ్వాసించినప్పుడెల్ల అటూ ఇటూ కదులుతవి. వైద్యులు వీటిని తోకచుక్కలతో పోల్చినారు. ఫ్రెంచి వైద్యుడు లిక్టెన్‌స్టైన్, ఆయన సహచరులు 1997లో ప్రకటించిన వ్యాసం ఈ గీతలకు ఊపిరితిత్తుల చెమ్మకు గల సంబంధాన్ని స్పష్టపరచినది. పొడి ఊపిరితిత్తికి అడ్డగీతలు, తడి ఊపిరితిత్తికి నిలువుగీతలు. ఇంత సులువైన అక్షరమాల వైద్యంలో మరెక్కడా లేదేమో!

ఇక కొండమీదికి పోదాము. నేపాలులో ఎవరెస్టుకు పోయే దారిలో ఫెరిచే అనే చిన్న గ్రామమున్నది. సుమారు 4,240 మీటర్ల ఎత్తున అక్కడ యాత్రికుల కొరకు ఒక వైద్యశాల నడుస్తున్నది. పీటర్ ఫాగెన్‌హోల్జ్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు అక్కడికి అతిధ్వని యంత్రాన్ని తీసుకొనిపోయి పర్వతపు నెమ్ము పట్టిన 11 మందిని, ఆ జబ్బు లేని 7 గురిని పరీక్షించినారు. రొమ్ముమీద 28 తావులలో నిలువుగీతలను లెక్కించి కూడినారు. రోగులలో ఆ మొత్తం సగటున 31. జబ్బు లేనివారిలో ఒకటికి లోపు. అంతే కాదు. రక్తంలో ప్రాణవాయువు ఎంత తగ్గితే గీతలు అంత ఎక్కువ. చికిత్సతో రోగి తేరుకొంటుండగా గీతలు కూడ తగ్గినవి. 2007లో ఈ ఫలితాలు ప్రకటితమైనవి. ఎక్స్‌రే లేని చోట, విద్యుత్తు కొరతగా ఉన్న చోట, కొద్ది నిమిషాలలో నీటి జాడ తెలుసుకొనే మార్గం దొరికినది. నేడు ఈ యంత్రాలలో కొన్ని అరచేతిలో ఇమిడేవి కూడ వచ్చినవి. ఐతే మన దేశంలో ప్రతి అతిధ్వని యంత్రాన్నీ నమోదు చేయించవలెను. ఆడపిల్లలను గర్భంలోనే తుదముట్టించే దురాచారాన్ని అరికట్టడానికి 1994లో వచ్చిన చట్టం దానికి మూలం.

యంత్రం చూపినదంతా వ్యాధి అని మాత్రం అనుకోరాదు. ఇటలీకి చెందిన లోరెంజా ప్రతాలి, ఆమె సహచరులు ఎవరెస్టు దారిలో 18 మంది సాధారణ పర్వతారోహకులను పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించినారు. 3,440 మీటర్ల ఎత్తున 15 గురిలో, 4,790 మీటర్ల ఎత్తున 18 మందిలోనూ నిలువుగీతలు కనిపించినవి. వారెవరికీ పర్వతపు నెమ్ము పట్టలేదు. అనగా ఎత్తుకు పోయిన ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులలో సైతం కొద్దిపాటి చెమ్మ ఊరుతున్నదన్నమాట. గట్టు తడిసినంత మాత్రాన గండి పడినట్లు కాదు. గీతల సంఖ్యను, రోగి ఆయాసాన్ని, వేలికి తగిలించే చిన్న పరికరం చూపే ప్రాణవాయువు లెక్కను కలిపి చూచి తీర్పు చెప్పవలసినవాడు వైద్యుడే. యంత్రం సాక్షి, న్యాయాధిపతి కాదు.

ఆ తీర్పు చెప్పిన తరువాత చికిత్స ఏమిటి? అది యంత్రం కంటె పాతది, సులువైనది. క్రిందికి దిగడం. వెయ్యి మీటర్లు దిగితే చాలమందికి ప్రాణం కుదుటపడుతుంది. ప్రాణవాయువు ఇవ్వడం, రోగిని వెచ్చగా ఉంచి శ్రమ లేకుండ దించడం, దిగడానికి వీలులేనప్పుడు నిఫెడిపిన్ అనే మందు ఇవ్వడం, గాలి నింపి భారం పెంచే సంచిలో పడుకోబెట్టడం తరువాతి సంగతులు. జాకోటే 1891లో చేయని పని అదొక్కటే.

రాకుండ చూచుకొనే మార్గం మరింత సులువు. మెల్లగా ఎక్కడం. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకొనే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు విశ్రాంతి కావలెను. మన సైన్యంలో దీనికి గట్టి నియమమున్నది. 2,700 మీటర్లనుంచి 3,600 మీటర్లవరకు 6 రోజులు, అక్కడనుంచి 4,500 వరకు 4 రోజులు, ఆ పైన మరి 4 రోజులు దేహాన్ని అలవాటు చేయవలెను. ఓపికతో ఎక్కినవారికి కొండ దారి ఇస్తుంది. 2014 మే 25న నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా యువకుడు ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కినారు. వారు సైతం ఒక్క పరుగున ఎక్కలేదు.

ఇక్కడ జవానుల ఇళ్లవారికి ఒక మాట. దేహదారుఢ్యం ఈ జబ్బునుంచి కాపాడదు. కబడ్డీ ఆడేవాడు, కోసులకొలది పరుగెత్తేవాడు కూడ దీనికి లోబడతాడు. పైగా బలవంతుడే జబ్బును దాచుకొంటాడు. మరొక సంగతి. ఒకసారి అలవాటుపడిన దేహం ఆ అలవాటును నిలుపుకోదు. సెలవుమీద కోటబొమ్మాళి వచ్చి, కొత్తమ్మ తల్లి జాతర చూచుకొని, కొన్ని వారాల తరువాత తిరిగి కొండకు పోయే జవాను మళ్లీ మొదటి మెట్టునుంచి అలవాటు పడవలెను. అతడు చేరిన మూడవ రోజున ఫోనులో దగ్గు వినిపిస్తే, “ఏటి బాబూ, ఆ దగ్గు?” అని తల్లి అడుగుతుంది. “ఏటీ లేదమ్మా, రొంప” అని అతడంటాడు. ఆ తల్లి ఇంకొక ప్రశ్న వేయవలెను. “కూకున్నా ఆయాసం వస్తందా?” అవునని జవాబు వస్తే అప్పటికప్పుడే వైద్యునికి చెప్పుకొమ్మని పట్టుబట్టవలెను. అది పిరికితనం కాదు. తోటివారికి భారం కాకుండ ఉండే మార్గమదే.

యాత్రికులకు కూడ ఇదే మాట. గుంపులో ఒకరికి ఆయాసం వచ్చినప్పుడు, దర్శనానికి ఇక ఒక్క మజిలీయే కదా అని లాగుకొనిపోరాదు. ఒంటరిగా వెనుకకు పంపనూరాదు. ఒకరు తోడుండి దింపవలెను. కేదారనాథుడు మరుసటి ఏడు కూడ అక్కడే ఉంటాడు.

ఈ నిలువుగీతల విద్య కొండలకే పరిమితం కాదు. గుండె బలహీనమైనవారికి, మూత్రపిండాలు చెడినవారికి సముద్రతీరంలోనే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. మన జిల్లాలోనే ఉన్న ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను క్రుంగదీసినదో వేరే చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధి పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. డయాలిసిస్ చేయించుకొనే రోగి దేహంలో ఎంత నీరు మిగిలినదో, ఎంత తీయవలెనో నిర్ణయించడం వైద్యునికి ప్రతిసారీ ఒక సమస్య. రోగి ఆయాసం చెప్పకముందే నిలువుగీతలు ఆ నీటిని చూపగలవు. ఐరోపాలో జరిగి 2021లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, గీతలనుబట్టి నీరు తీసిన రోగుల ఊపిరితిత్తులలో చెమ్మ తగ్గినది. అంతమాత్రాన మరణాలు తగ్గినట్లు మాత్రం రుజువు కాలేదు. ఇక్కడ కూడ యంత్రం సాక్షియే. హిమాలయాలలో జవానును, ఉద్దానంలో రైతును ఒకే గీత హెచ్చరిస్తున్నదని గ్రహిస్తే చాలు.

ఊపిరితిత్తి మాట్లాడలేదనుకొన్న వైద్యులకు అది నీరు చేరినప్పుడు మాట్లాడుతుందని తెలిసినది. ఆ మాట వినడానికి నేడు యంత్రమున్నది. కాని యంత్రమున్న బసకు చేరకముందే మొదటిమాట చెప్పేవాడు రోగి, మొదట వినవలసినవాడు అతని ప్రక్కనున్న మనిషి. “నాకు ఊపిరి ఆడడం లేదు” అని ఒకడు సిగ్గుపడకుండ చెప్పగలిగితే, “పద, దిగుదాము” అని రెండవవాడు ఆలస్యం చేయకుండ లేస్తే, కొండకు పోయిన మనవారు క్షేమంగా తిరిగి కోటబొమ్మాళి స్టేషనులో దిగుతారు.